ఆకు రాలినంక వచ్చే కాయితం

మామ తునికాకు కల్లేదారు, ఆకు ఆరబెట్టే కల్లం ఆయన చేతిలో ఉంటుంది. కోడలు అటవీశాఖలో బీట్ ఆఫీసరు, సొంత అక్క కూతురు. పండక్కీ పబ్బానికీ ఒకే ఇంట్లో తినే మనుషులే, ఫిబ్రవరి వచ్చిందంటే మాత్రం రెండు పార్టీలు. ములుగు జిల్లా తాడ్వాయి దిక్కు, ఏటూరునాగారం అభయారణ్యం హద్దుకు కాస్త ఇవతల వాళ్ల ఊరు. 2026 జనవరి 28 నుంచి 31 దాకా మేడారం జాతర నడిచింది. ఆ జనం పోయి, ఆ దుమ్ము సర్దుకున్నాక, ఫిబ్రవరి నడుమ సాగిన మాటలివి. మనుషుల్ని నేను కల్పించాను. వాళ్ల మధ్య తగాదా మాత్రం ఆ అడవి అంచున ఏటా ఉండేదే. ఎవరి వైపు మొగ్గుతున్నానో దాచుకునే ఉద్దేశం నాకు లేదు.

మామ: ఏం బిడ్డా, జాతర డ్యూటీ అయిపోయినా ఫోన్ ఇడుస్తలేవు. కాయితం వచ్చిందా?

కోడలు: ఏ కాయితం మామా?

మామ: గదే, ఎండకాలం ఎట్లుంటదో ఢిల్లీల కూసొని చెప్తరు గద.

కోడలు: ఇంకా రాలే. ఫిబ్రవరి ఆఖర్ల ఇస్తరు. మార్చి, ఏప్రిల్, మే, మూడు నెలలకు కలిపి.

మామ: అది వచ్చేదాకా ఎందుకు, నేనే చెప్తా రాసుకో. ఎండలు ఎక్కువుంటయి, వడగాడ్పులు ఎక్కువ రోజులుంటయి. ఏటా గదే ముచ్చట. పాత కాయితానికి తారీకు మార్చి పంపుతున్నరేమో.

కోడలు: ఏటా గదే వస్తున్నదంటే ఏటా ఎండ గట్లనే ఉంటున్నదని. పోయినేడు ఫిబ్రవరి యాదికుందా? దేశం మొత్తం మీద 1901 నుంచి చూస్తే అంత వేడి ఫిబ్రవరి లేదు. సగటు 22.04 డిగ్రీలు. ఉండాల్సినదానికన్న 1.34 ఎక్కువ. నీకు డిగ్రీ చిల్లర అంటే లెక్కే కాదు, నెల మొత్తం మీద, దేశం మొత్తం మీద గంత పెరుగుడంటే చిన్నది కాదు.

మామ: పోయినేడు ముచ్చట నువ్వే తీసినవు, మంచిగైంది. ఫిబ్రవరి 28న ఏమన్నరు? మూడు నెలలు దేశంల చానా దిక్కుల మామూలుకన్న ఎక్కువ ఎండలన్నరా లేదా? మరి మే నెలల ఏమైంది? రుతుపవనం 24వ తారీకుకే కేరళకు దిగింది. 2009 తర్వాత గంత తొందరగా ఎన్నడు రాలే. ఆ నెల దేశంల పడ్డ వాన 126.7 మిల్లీమీటర్లు. గది కూడా 1901 నుంచి రికార్డే. ఫిబ్రవరి రికార్డు నువ్వు చెప్పినవు, మే రికార్డు నేను చెప్తున్న. నడుమ కాయితం ఏ రికార్డు చెప్పింది?

కోడలు: మే వాన వచ్చి మార్చి మంటను ఆర్పదు మామా. నీ కల్లం మే నెల ముచ్చట, నా గండం ఇప్పటి నుంచి ఏప్రిల్ దాకా. మూడు నెలల సగటును పట్టుకొని ఒక్క నెలను కొట్టేస్తే ఎట్ల?

మామ: సగటు చెప్పిందెవరు, నేనా?

(ఇక్కడ మామ మాట కొట్టేయదగ్గది కాదు. ఆ కాయితంలో మూడు నెలలకు ఒకే రంగు పూసిన పటం ఉంటుంది, దానిలో తొలి నెల ఎండి, చివరి నెల తడిసినా అది పూర్తిగా తప్పినట్టు లెక్క కాదు. కానీ అడవికి నెల చాలా పెద్దది. అడవి కాలేది ఒక్క మధ్యాహ్నంలో.)

కోడలు: ఆ పటం ఎట్ల చదవాల్నో చెప్తా విను. ఏ ఏడైనా మూడిట్ల ఒకటైతది. మామూలు ఎండ, మామూలుకన్న ఎక్కువ, మామూలుకన్న తక్కువ. ఏం తెల్వనోడు మూడిటికి సమానంగ పంచుతడు, తలా 33 పాళ్లు. పటం మీద మన దిక్కు 'ఎక్కువ' కింద 50 అని ఉంటే, ఆ పాలు 33 నుంచి 50కి పెరిగిందని. ఖాయమని ఎవరూ అనలే.

మామ: అంటే బొమ్మా బొరుసా. గంత మాటకు శాటిలైట్లెందుకు, రూపాయి బిళ్ల చాలదా?

కోడలు: మీ కాంట్రాక్టరు యూనిట్‌కు టెండర్ వేసేటప్పుడు ఆకు చూసి వేస్తడా?

మామ: ఆకు అప్పటికి కొమ్మకు రానే రాదు. పోయిన మూడు నాలుగేండ్లు ఎన్ని బస్తాలు తేలినయో చూస్తడు, రాళ్లవాన వస్తే పోయేది కొంత తీసేస్తడు, ఇగ ధైర్యం చేస్తడు.

కోడలు: గదే పాళ్ల లెక్క. నీ కాంట్రాక్టరు చేస్తే యాపారం, వాతావరణ శాఖోళ్లు చేస్తే బొమ్మా బొరుసా?

మామ: కాంట్రాక్టరు లెక్క తప్పితే ఆయన పైసలే పోతయి. నీ కాయితం తప్పితే ఎవరి పైసలు పోతయి? నా కల్లంల యాభై ఆకుల కట్టలు వెయ్యి పేరిస్తే ఒక స్టాండర్డ్ బస్తా. ఆకు కోసుడు ఒక ఎత్తు, కల్లంల ఆరబెట్టుడు ఒక ఎత్తు. కట్టలను తిప్పి తిప్పి ఎండపెట్టాలె. నడుమల ఒక్క వాన దంచితే ఆకు నల్లగైతది, మచ్చలు పడ్తది, బూజు పడ్తది. నేను ఏటా మొక్కుకునేది దేనికో తెల్సా? పొడి ఎండకు. నువ్వు గండమంటున్నది నాకు బతుకు.

వాతావరణ సూచనల గురించి రాసేవాళ్లు చాలామంది మర్చిపోయే సంగతి మామ నోట వచ్చింది. 'వేడిగా, పొడిగా ఉంటుంది' అనే వాక్యం ఊరందరికీ ఒకే కబురు కాదు. మిరపకాయలు ఎండబెట్టుకున్న రైతుకూ, కల్లేదారుకూ, ఇటుక బట్టీవాడికీ అది శుభవార్త. అదే వాక్యం బీట్ ఆఫీసరుకు నిద్ర లేని రాత్రులు. హెచ్చరిక ఎవరూ వినడం లేదని వాపోయే ముందు, వినేవాడికి అది హెచ్చరికలాగా వినిపిస్తోందా అని చూసుకోవాలి.

మామ: ఇంకో మాట అడుగుతా, కోపం చేయకు. ఎండకు అడవి అంటుకుంటదా?

కోడలు: అంటుకోదు. మన దిక్కు పెట్టినోడు పెడ్తేనే అంటుకుంటది. పిడుగు పడేటప్పుడు ఎంబడే వాన కూడా ఉంటది, గందుకే పిడుగు మంట మనకు తక్కువ.

మామ: మరి ఎండను అంచనా వేసుడెందుకు? పెట్టెటోన్ని అంచనా వేయి.

కోడలు: పెట్టెటోడు ఏటా ఉంటడు. ఇప్ప పూల కోసం ఒకడు, తునికాకు కోసం ఒకడు, పోడు కోసం ఒకడు, పశువులకు గడ్డి మొలుస్తదని ఒకడు, బీడీ ముక్క పారేసెటోడు ఒకడు. వాడు పెట్టిన మంట చెట్టు కిందనే ఆరుతదా, గుట్ట ఎక్కుతదా అన్నది ఎండ చెప్తది, గాలి చెప్తది.

మామ: ఇప్ప పూలోళ్లను దొంగల లెక్క చెప్పకు.

కోడలు: చెప్తలేను. నా చిన్నప్పుడు అమ్మమ్మ ఎంట నేను పోలేదా?

మామ: పోయినవు, మరిచినవు. ఇప్పపువ్వు తెల్లారుజామున రాలుతది. సూర్యుడు పైకొచ్చేసరికి ఏరుకోవాలె, లేకుంటే పశువులు తింటయి, జింకలు తింటయి, ఎలుగు తింటది. కింద టేకాకు, చిరుమాను ఆకు మోకాలి దాకా ఉంటే పువ్వు ఎక్కడ కనిపిస్తది? గా ఆకు కింద పామున్నదో తేలున్నదో! ముసల్ది నడుము వంచి ఏరుతుంటే చేతికి ఏది తగుల్తదో ఎవనికి తెల్సు. గందుకు చెట్టు చుట్టూ ఆకు ఊడ్చి, కుప్ప జేసి, అగ్గి పెడ్తరు. నేల నల్లగైతే తెల్లపువ్వు మెరుస్తది.

కోడలు: పెట్టుడు తప్పు కాదు మామా, పెట్టి ఇంటికి పోవుడు తప్పు. పొద్దున ఆరింటికి పెట్టిన కుప్ప పదింటికి ఆరిపోయినట్టే కనిపిస్తది. లోపల ఒక కొమ్మ రాజుకుంటనే ఉంటది. పన్నెండింటికి గాలి లేస్తది. పాత చీరలు నాలుగు జోడించి చెట్టు కింద పరిస్తే పువ్వు శుభ్రంగా దొరుకుతది, మట్టి అంటదు, ధర కూడా ఎక్కువొస్తది. వేరే రాష్ట్రాలల్ల వలలు కడ్తున్నరు.

మామ: చీరలు పరిస్తే రాత్రంతా కాపలా ఎవరుండాలె? నువ్వుంటవా, ఎలుగు వస్తే?

దీనికి కోడలు దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

కోడలు: సరే, నీకు తెల్సిన పని నుంచే చెప్తా. కల్లంల కట్ట ఎండిందా లేదా ఎట్ల చూస్తవు?

మామ: చేతుల పట్టుకుంటే తెలుస్తది. పొద్దున మెత్తగుంటది, వంచితే వంగుతది. మధ్యాహ్నం గలగలమంటది, వంచితే చిట్లుతది. గందుకే కట్టలు బస్తాలకు ఎత్తేది పొద్దున్నే, మంచు పదునుమీద. ఎండల ఎత్తితే పొడి పొడి అయితది.

కోడలు: అడవిల రాలిన ఆకు కూడా గంతే. పొద్దున ఆరింటికి టేకాకు చేతిల నలిపితే తోలు లెక్క వంగుతది. అదే ఆకు రెండింటికి పటపటా ఇరుగుతది. ఎండ వల్ల ఒక్కదానితోనే కాదు, గాలిల తేమ పడిపోవుడు వల్ల. ఆకు, గడ్డి, ఆరు మిల్లీమీటర్ల లోపు పుల్ల, వీటికి గాలి పొడిబారిన సంగతి గంటల తెలుస్తది. బొటనవేలంత కొమ్మకు పది గంటలు. ముంజేయంత కొమ్మకు నూరు గంటలు. మొద్దుకు వెయ్యి గంటలు. వెయ్యి గంటలంటే నలభై రోజులపైనే. అగ్గి గురించి చదివెటోళ్లు కట్టెను గిట్లనే లెక్క కడ్తరు.

మామ: అంటే ఒక వాన పడ్డా మొద్దు తడవదంటవు, ఆకు ఒక్కటే తడుస్తదంటవు.

కోడలు: తడిసిన ఆకు మళ్ల ఎండేది ఒక్క పూటల. మొద్దు ఒక్కసారి లోపల దాకా ఎండిందా, జల్లు వాన దానికి లెక్కే కాదు. ఇప్పుడు చెప్పు, 2024 ఆగస్టు 31 యాదికుందా?

మామ: ఎట్ల మరుస్త? గా సాయంత్రం తాడ్వాయి, మేడారం నడుమ ఏదో దయ్యం పట్టినట్టు గాలి. తెల్లారి పోయి చూస్తే చెట్లన్నీ పండుకున్నయి. యాభై వేలకు పైన కూలినయని మీ ఆఫీసర్లే లెక్క చెప్పిరి.

కోడలు: గా చెట్లు కూలి ఇప్పటికి ఏడాదిన్నర. తీసినవి తీసినా, కొమ్మా రెమ్మా, బెరడు, మొద్దులు ఎంత ఎండినయో నువ్వే లెక్క కట్టు. పైన నీడ పోయింది. నీడ పోయిన కాడ గడ్డి మోకాలెత్తు లేచింది, ఎండింది. కింద ఆకు, నడుమ గడ్డి, దాంట్ల మొద్దు. ఆకు అంటుకుంటే నేను పచ్చికొమ్మ పట్టుకొని కొట్టి ఆర్పుత. గంటల తోక ముడుస్తది. మొద్దు అంటుకుంటే నాలుగు రోజులు రగులుతది. రాత్రి ఆర్పిననుకొని పోతే తెల్లారి గాలికి మళ్ల లేస్తది.

మామ: గా మాట నిజమే. గా దిక్కు నేను కూడా కూలోళ్లను పంపుతలేను.

కోడలు: చూసినవా!

మామ: పంపుతలేనంటే నీ కాయితం చూసి కాదు, కట్టె చూసి.

ఈ ఇద్దరి తగాదాలో నేను కోడలి వైపు ఒరుగుతున్నానని చదువరి ఈపాటికి పట్టేసి ఉంటారు. ఒక్క సంగతిలో మాత్రం, కాయితం కాదు కట్టె చూడాలన్న దానిలో, మామదే పైచేయి. వాతావరణ శాఖ వడగాడ్పు అని ప్రకటించాలంటే మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటాలి, మామూలు కన్నా కనీసం నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలి. లేదా ఏకంగా 45 దాటాలి. ఈ కొలత మనుషుల ప్రాణాల కోసం పెట్టుకున్నది. 2015 మేలో వడదెబ్బకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా పోయారు కాబట్టి దాని అవసరాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. కానీ అందులో గాలి వేగం లేదు, నేలమీద ఆకు మందం లేదు. తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగుకు వెళ్లినవాళ్లను మంట చుట్టుముట్టింది 2018 మార్చి 11న. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లను చంపింది వడగాడ్పు కాదు. ఎండిన గడ్డి, వాలు, గాలి. వాలు ఎక్కే మంట చదును నేలమీద మంటకన్నా ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, పైనున్న గడ్డిని ముందే వేడెక్కించి మరీ పోతుంది. కురంగణిలో ఇదంతా జరిగింది మార్చి రెండో వారంలో, ఇంకా ఎండకాలం అని కూడా అనుకోని రోజుల్లో.

మంటల కోసమే చేసిన సూచీలు లేకపోలేదు. కెనడావాళ్ల పద్ధతిని ప్రపంచంలో చాలాచోట్ల వాడుతున్నారు. రోజూ మధ్యాహ్నం ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం, గడిచిన 24 గంటల వాన, ఈ నాలుగే దానికి మేత. వాటి నుంచి పైఆకు ఎంత ఎండింది, కింది పొర ఎంత ఎండింది, లోతున ఎంత ఎండింది అని మూడు వేర్వేరు లెక్కలు తీస్తుంది. మామ చేత్తో పట్టుకుని చూసేది మొదటి లెక్క. ఆ మాట వరకు ఆయన చెయ్యి నమ్మదగిన పనిముట్టే.

మామ: అసలు ఆకు అంత ఎందుకు పేరుకున్నదో చెప్పు. మా తాతల కాలంల గిట్లున్నదా? సంక్రాంతి దాటినంక, మంచు పడే రోజులల్ల, అక్కడింత ఇక్కడింత కాల్చెటోళ్లు. తెల్లారేసరికి మంచుకు అదే ఆరేది. మంట మోకాలెత్తు లేచేది కాదు. మీరొచ్చి అగ్గిపెట్టె గుంజుకున్నరు. ఆకు మీద ఆకు, ఆకు మీద ఆకు. ఇప్పుడు అంటుకుంటే చెట్టు తలకాయ దాకా పోతున్నది. తప్పెవరిది?

కోడలు: దూలపల్లి అకాడమీల మాకు ఇది చెప్పకుండా లేరు మామా. మంట అసలే వద్దన్న పద్ధతి మన దేశంల తెల్లోళ్లు మొదలుపెట్టింది 1860లల్ల, మధ్యప్రదేశ్ బోరీ అడవిల. పియర్సన్ అని ఒక దొర. ఆ తర్వాత దేశమంతా అదే చట్టమైంది. బర్మా టేకు అడవులల్ల పెడ్తే, కొన్నేండ్లకు టేకు మొలక రాకుండ పోయింది. వెదురు, పొదలు కమ్మేసినయి. వాళ్లే మళ్ల కొన్ని దిక్కుల సడలించిన్రు.

మామ: ఆ! మీ పుస్తకంలనే ఉన్నది.

కోడలు: ఇంకా ఉన్నది విను. కర్ణాటకల బిళిగిరి రంగన కొండల సోలిగ గిరిజనులు కూడా నీ మాటే అంటరు. చిన్న మంటలు ఆపినంకనే లంటానా కలుపు కమ్మిందని, ఉసిరి చెట్లకు బదనిక పట్టిందని. దాని మీద పరిశోధనలు కూడా జరిగినయి. దగ్గర్లనే బందీపూర్ 2019 ఫిబ్రవరిల కాలింది. వేల ఎకరాలు పోయినయి. ఎండిన లంటానా నిలువెత్తు ఉంటే ఏమైతదో అప్పుడు చూసిన్రు.

మామ: మరి ఇంక నాతోని కొట్లాట దేనికి?

కోడలు: నీ తాత కాల్చింది వేరు, నువ్వు కాల్చేది వేరు కాబట్టి. ఆయన మంచు మీద, ముక్కలు ముక్కలుగ కాల్చిండు. ఈ ఏడు ఈడ, వచ్చే ఏడు ఆడ. మీ ఆకోళ్లు మార్చి నెలల, పట్టపగలు, అదే తావును ఏటా కాలుస్తున్నరు. ఎందుకు? కొమ్మ కొట్టుడుకు కూలి మిగులుతదని. తునికి పొదను పద్ధతిగ కొడ్తే నలభై, నలభై అయిదు రోజులకు ఆకు చేతికొస్తది. కూలి పెట్టుడు ఎందుకని అగ్గి పెడ్తే చిగురు అదే వస్తది. నిజమా కాదా?

మామ: అందరు పెట్టరు.

కోడలు: నువ్వు పెడ్తవా?

మామ: ... నా కల్లం కింద ఉన్న ఆకు నేను కొట్టించినదే.

కోడలు: ఆ మాట నమ్ముత. పక్క కల్లం సంగతి అడగను. కానీ విను. తునికికి ఏం కాదు, వేరు నుంచి మళ్ల లేస్తది. టేకు పెద్దది తట్టుకుంటది. ఏటా కాలిన నేలల ఏగి, నల్లమద్ది, ఉసిరి మొలకలు రెండో ఏడు చూడయి. ఇరవై ఏండ్లకు ఆడ తునికి పొదలు, గడ్డి, ముసలి చెట్లు, ఇవే మిగుల్తయి. అడవికోడి నేల మీద గుడ్లు పెట్టేది కూడా గీ రోజులల్లనే. ముసలి ఇప్ప చెట్టు కూలితే దాని తావుల ఇంకో ఇప్ప ఉండదు. మా అమ్మమ్మ ఏరిన చెట్లే ఇంకా ఏరుతున్నం, గమనించినవా? కొత్త చెట్టు ఒక్కటన్న యాదికొస్తదా?

మామ కాసేపు మాట్లాడలేదు. బీడీ తీసి, కోడలు ముఖం చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మామ: సరే, శాటిలైట్ ముచ్చట చెప్పు. మంట పెట్టంగనే నీకు ఫోన్ మోగుతదట గద.

కోడలు: మోగుతది, ఎంబడే కాదు. డెహ్రాడూన్‌ల ఫారెస్ట్ సర్వేవాళ్లు 2004 నుంచి చెప్తున్నరు. మొదట్ల దానికి ఒక చుక్క అంటే ఒక కిలోమీటరు. ఇప్పుడున్న దానికి 375 మీటర్లు. అది మన మీద నుంచి పోయేది పగలు ఒకటిన్నర ప్రాంతంల, రాత్రి ఒకటిన్నర ప్రాంతంల. నువ్వు మూడింటికి పెట్టి ఆరింటికి ఆరిపోతే దానికి తెల్వనే తెల్వదు. పైన చూసుడు, కింద లెక్క కట్టుడు, ఎస్సెమ్మెస్ పంపుడు, ఇదంతా అయ్యేసరికి కొన్ని గంటలు. ఇగ మా బీట్‌ల సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలె.

మామ: అంటే కాలినంక చెప్తది.

కోడలు: కాలేటప్పుడు చెప్తది, నాకు అందేసరికి సగం కాలి ఉంటది. గందుకే ముందుగ తెల్సుడు కావాలంటున్న.

మామ: ముందుగ తెల్సుడంటే నీ ఫిబ్రవరి కాయితమే గద? దానికి నేనొక మాట చెప్తా, నీ అకాడమీల చెప్పి ఉండరు. ఆకు రాలుడు ఎప్పుడు మొదలైతది? పుష్యమాసంల. ఇప్పుడు చూడు, సగం అడవి బోడిగైంది. మంచు పడేది ఇంకెన్ని రోజులు? శివరాత్రికి చలి శివశివా అని పోతదంటరు. కాల్చవలసిన రోజులు సంక్రాంతి నుంచి శివరాత్రి నడుమ. నీ కాయితం వచ్చేది శివరాత్రి దాటినంక. ఆకు రాలినంక, మంచు పోయినంక, 'జాగ్రత్త, ఎండలున్నయి' అని చెప్తే ఏం జేస్తవు? మంట దాటకుండ కాల్చి ఖాళీ చేసే ఫైర్ లైన్ ఎప్పుడు గీస్తవు?

కోడలు: ...

మామ: బడ్జెట్ ఎప్పుడొస్తది?

కోడలు: అది అడగకు.

ఈ సంవాదం ఇంతసేపు ఎందుకు రాస్తున్నానో చెప్పవలసిన చోటు ఇదే. ఎండల అంచనా నిజమా అబద్ధమా అని ఎన్నేళ్లయినా కొట్లాడుకోవచ్చు. అంచనా వల్ల ఎవరి పని తారీకైనా మారిందా అన్నదే అసలు ప్రశ్న. చలికాలమే పొడిగా, వెచ్చగా పోయిన ఏడు మంచు మీద కాల్చే రోజులు ముందుకు జరుగుతాయి, తగ్గిపోతాయి. జనవరిలోనే కాల్చేయాల్సిన ఫైర్ లైను మార్చిలో కాలిస్తే ఆ లైనే మంటకు దారి అవుతుంది. ఫిబ్రవరి ఆఖరు పటం జిల్లా ఆసుపత్రికి, కరెంటు వాళ్లకు, ఉపాధి హామీ పని వేళలు మార్చేవాళ్లకు సకాలానికే వస్తుంది. అడవికి మాత్రం అది రెండు నెలలు ఆలస్యం. ఆ కొరత మామ పట్టుకున్నంత సూటిగా ఏ సమావేశంలోనూ ఎవరూ పట్టుకోగా నేను చూడలేదు. అయితే ఆయన దాని నుంచి తీసిన తీర్పు, 'కాబట్టి కాయితం దండగ' అన్నది, నాకు ఒప్పుకోబుద్ధి కాదు. కోడలు జవాబు కూడా అదే దారిన వెళ్లింది.

కోడలు: పెద్ద కాయితం ఆలస్యమే, ఒప్పుకుంటున్న. కానీ కాయితం అదొక్కటే కాదు మామా. నెలాఖరుకు వచ్చే నెల అంచనా ఇస్తరు. ప్రతి గురువారం ముందటి రెండు, మూడు వారాలది ఇస్తరు. ఈ వారం మామూలుగుంటదా, వేడి ఎక్కువుంటదా, వాన ఉన్నదా లేదా. ఇగ ముందటి కొన్ని రోజులది రోజూ ఉంటది. మూడు నెలల పటం గోడకు పెట్టుకునుడుకు. గురువారం పటం జేబుల పెట్టుకునుడుకు. గాలి తక్కువున్న రెండు పొద్దులు దొరికితే నేను లైన్ కాల్చుకుంట.

మామ: గురువారం పటం కూడా తప్పుతది.

కోడలు: తప్పుతది. తప్పితే ఆ రోజు నీ చెయ్యి చూస్త. ఆకు వంగితే కాలుస్త, ఇరిగితే ఇంటికి పోత.

మామ: ఇప్పుడు దారికొచ్చినవు.

కోడలు: నువ్వు కూడా రావాలె. మీ కల్లం యూనిట్‌ల, అభయారణ్యం హద్దు నుంచి వాగు దాకా పాత లైన్ ఉన్నది. పోయినేడు ఆకుతోని నిండిపోయింది. బ్లోయర్ పెట్టి ఊదితే సగం పోతది, గడ్డి పోదు. గడ్డిని చెక్కి, నడుమల ఆకును కుప్పలు పోసి కాల్చాలె. పది మంది కావాలె. రేంజర్ సార్ ఆర్డర్ లేకుంటే నేను అగ్గిపుల్ల గీయ, అది ముందే చెప్తున్న. అభయారణ్యంలనైతే మంట మాటే ఎత్తొద్దు, వన్యప్రాణి చట్టం ఉన్నది.

మామ: చట్టం నాకు చెప్పకు. నీ చట్టంలనే రాసున్నది, మంట లేస్తే చుట్టుపక్కల ఊరోళ్లు వచ్చి ఆర్పాలెనని. ఆర్పుతానికి మేము కావాలె, కాల్చేటప్పుడు మేము దొంగలం.

కోడలు: గందుకే కాల్చుడుకు కూడా రమ్మంటున్న.

మామ: ఎన్నడు?

కోడలు: ఎల్లుండి గురువారం. పటం చూసి శుక్రవారమా శనివారమా చెప్త. పొద్దున ఐదున్నరకు వాగు కాడ ఉండాలె. తొమ్మిది దాటితే ఎవరి చేతిల అగ్గి ఉండొద్దు. మధ్యాహ్నం దాకా అక్కడనే కాపలా. ముందే ఇంటికి పోతనంటే రావద్దు.

మామ: కూలి?

కోడలు: ఫైర్ వాచర్ రేటు.

మామ: గా రేటుకు నా ఆకోళ్లు లేవరు బిడ్డా. ఎండకాలం పూరా ఆకు మీద బతికెటోళ్లు. గీ లైన్ కాలుస్తే పక్క కల్లపోళ్ల మంట నా యూనిట్‌కు రాదు. మార్చి ఎండలకు నా పొదలు మిగుల్తయి. గంత లాభం కాంట్రాక్టరుకున్నది. మిగతాది ఆయన దగ్గర అడుగుత. ఇస్తడో లేదో తెల్వదు.

కోడలు: ఇయ్యకపోతే?

మామ: ఇయ్యకపోతే నలుగురం వస్తం. చాయ్ నీదే.